కారు బాగున్నా కంపెనీ ఎందుకు నిలవలేదు? భారత మార్కెట్‌లో విదేశీ బ్రాండ్ల వైఫల్యానికి కారణాలేమిటి?

భారత్‌లో కార్ల తయారీని నిలిపివేస్తున్నట్లు అమెరికాకు చెందిన ఫోర్డ్ సంస్థ 2021 సెప్టెంబరు 9న ప్రకటించింది. అంతకుముందు పదేళ్లలో ఇక్కడి వ్యాపారంలో వచ్చిన నిర్వహణ నష్టాలు 200 కోట్ల డాలర్లు దాటాయని వెల్లడించింది. అప్పటి మారకపు విలువ ప్రకారం ఇది 14 వేల కోట్ల రూపాయలకు పైమాటే. గుజరాత్‌లోని సానంద్‌లో ఒకటి, తమిళనాడులో చెన్నై సమీపాన మరైమలై నగర్‌లో మరొకటి చొప్పున ఆ సంస్థకు రెండు కర్మాగారాలు ఉండేవి. రెండింటి వార్షిక సామర్థ్యం 4 లక్షల వాహనాలకు పైనే. అయితే 2020-21లో దేశంలో అమ్ముడుపోయిన ఫోర్డ్ వాహనాలు 50 వేలకు మించలేదు.

విచిత్రమేమిటంటే, నాసిరకం వాహనాలు చేసే సంస్థగా ఫోర్డ్‌కు ఇక్కడ పేరు పడలేదు. ఫిగో, ఎకోస్పోర్ట్, ఎండీవర్ వంటి వాహనాలను నడిపినవారు స్టీరింగ్ పనితీరును, బాడీ దృఢత్వాన్ని మెచ్చుకుంటూనే వచ్చారు. చెన్నైలో తయారైన ఎకోస్పోర్ట్ అమెరికాకు సైతం ఎగుమతి అయింది. ప్రపంచంలోనే కట్టుదిట్టమైన ప్రమాణాలున్న ఆ దేశంలో చెల్లిన కారు, తాను తయారైన దేశంలో సంస్థను నిలబెట్టలేకపోయింది.

నాణ్యత ఉన్నా, పెట్టుబడి ఉన్నా, వందేళ్ల పేరున్నా ఒక విదేశీ కార్ల సంస్థ కొత్త మార్కెట్‌లో ఎందుకు ఓడిపోతుంది? భారత్‌లో గడిచిన మూడు దశాబ్దాల అనుభవాన్ని పరిశీలిస్తే సమాధానం కారులో కన్నా, కారు చుట్టూ అల్లుకోవలసిన వ్యవస్థలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక్క ఫోర్డ్ కథ కాదు

ఫోర్డ్, జనరల్ మోటార్స్ సంస్థలు రెండూ 1920ల్లోనే భారత్‌కు వచ్చాయి. విడిభాగాలను ఓడల్లో తెచ్చి ఇక్కడ బిగించి అమ్మేవి. స్వాతంత్ర్యానంతరం దేశీయ తయారీకి ప్రాధాన్యమిస్తూ ప్రభుత్వం నిబంధనలు మార్చడంతో 1950ల్లో రెండూ తప్పుకున్నాయి. 1991 నాటి ఆర్థిక సంస్కరణలు మళ్లీ తలుపులు తెరిచాయి. 1990ల మధ్యకాలంలో ఫోర్డ్ మహీంద్రాతోనూ, జనరల్ మోటార్స్ సీకే బిర్లా గ్రూపునకు చెందిన హిందుస్థాన్ మోటార్స్‌తోనూ చేతులు కలిపి తిరిగి అడుగుపెట్టాయి. దక్షిణ కొరియా నుంచి దేవూ, ఫ్రాన్స్ నుంచి ప్యూజో కూడా అదే కాలంలో వచ్చాయి.

వీటిలో ప్యూజో కొద్ది సంవత్సరాలకే వైదొలగింది. మాతృసంస్థ దివాలాతో దేవూ మూతపడింది. జనరల్ మోటార్స్ 2017 చివర్లో భారత్‌లో అమ్మకాలు ఆపేసింది. ఫియట్ పేరుతో కార్ల తయారీ 2020 నాటికి ముగిసింది. నిస్సాన్ ఎంతో ఆర్భాటంగా పునరుద్ధరించిన దాట్సన్ బ్రాండు 2014లో మార్కెట్‌లోకి వచ్చి 2022లో నిలిచిపోయింది.

ఇన్ని సంస్థలు విఫలమైనప్పుడు మార్కెట్‌లోనే లోపం ఉందేమోనన్న అనుమానం సహజం. కానీ అవి విడిచి వెళ్లిన కర్మాగారాల ప్రస్తుత స్థితి ఈ అనుమానాన్ని తీరుస్తుంది. ఫోర్డ్ సానంద్ కర్మాగారాన్ని టాటా మోటార్స్ అనుబంధ సంస్థ 725.7 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. జనరల్ మోటార్స్ వదిలిన హలోల్ కర్మాగారం ఎంజీ మోటార్ చేతికి వెళ్లింది. మహారాష్ట్రలోని తాలేగావ్ కర్మాగారాన్ని కొనేందుకు హ్యుందాయ్ 2023 ఆగస్టులో ఒప్పందం చేసుకుంది. అదే భూమి, అవే షెడ్లు, అవే రహదారులు, అవే ఓడరేవులు. ఒకరికి భారమైన ఆస్తి మరొకరికి అవసరమైంది. కాబట్టి తేడా స్థలంలో లేదు, వ్యాపారం నడిపిన తీరులో ఉంది.

కొనుగోలుదారు వేసే పదేళ్ల లెక్క

భారతీయ మధ్యతరగతి కుటుంబంలో ఇంటి తర్వాత అతి పెద్ద కొనుగోలు సాధారణంగా కారే. చాలామంది బ్యాంకు రుణంతో కొంటారు, ఏళ్ల తరబడి నెలవాయిదాలు కడతారు. అందువల్ల షోరూంలో కనిపించే ధర వారి లెక్కలో మొదటి అంకె మాత్రమే.

ఆ తర్వాత ప్రశ్నలు వరుసగా వస్తాయి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది? సర్వీసుకు ఎంతవుతుంది? బంపరు విరిగితే, హెడ్‌లైటు పగిలితే కొత్తది ఎన్ని రోజుల్లో వస్తుంది? సొంత పట్టణంలో సర్వీసు కేంద్రం ఉందా, లేక జిల్లా దాటి వెళ్లాలా? వీధి చివరి మెకానిక్‌కు ఆ ఇంజను తెలుసా? ఐదారేళ్ల తర్వాత అమ్మితే ఎంత వస్తుంది?

ఈ ప్రశ్నలన్నింటికీ మారుతీ సుజుకి దగ్గర సిద్ధంగా సమాధానాలు ఉండేవి. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చిన నాటి నుంచి ఆ సంస్థ కార్లతో పాటు మెకానిక్కులను, విడిభాగాల దుకాణాలను, సెకండ్ హ్యాండ్ మార్కెట్‌ను కూడా దేశమంతటా తయారు చేసుకుంటూ వచ్చింది. కొత్తగా వచ్చిన విదేశీ సంస్థ ఈ వ్యవస్థ మొత్తంతో పోటీపడాలి. యూరప్‌లోనో అమెరికాలోనో దశాబ్దాలుగా సంపాదించిన పేరు ఇక్కడి మెకానిక్ చేతిలో స్పానర్‌గా మారదు.

ముఖ్యంగా మళ్లీ అమ్మితే వచ్చే ధర ఒక బ్రాండుపై సమాజానికి ఉన్న నమ్మకానికి కొలమానం. రెండు కార్లు ఒకే ధరకు కొన్నా, ఐదేళ్ల తర్వాత ఒకదానికి లక్ష రూపాయలు తక్కువ పలికితే ఆ లక్ష మొదటి రోజే ధరలో చేరినట్లు. ఇరుగుపొరుగును, బంధువులను అడిగి కారు కొనే సమాజంలో ఈ సమాచారం ప్రకటనల కన్నా వేగంగా పాకుతుంది.

నాలుగు మీటర్ల గీత

భారత మార్కెట్‌కు ప్రపంచంలో మరెక్కడా పెద్దగా కనిపించని ఒక ప్రత్యేకత ఉంది. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4 మీటర్లకు మించని, పెట్రోలు ఇంజను 1200 సీసీ లేదా డీజిలు ఇంజను 1500 సీసీ దాటని వాహనాన్నే చిన్న కారుగా పరిగణించారు. జీఎస్టీ వచ్చాక కూడా ఈ విభజన కొనసాగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఈ పరిమితిలో ఉన్న కార్లపై జీఎస్టీ 18 శాతం, అంతకు మించిన పెట్రోలు, డీజిలు కార్లపై 40 శాతం.

అంటే కారు పొడవు కొన్ని అంగుళాలు పెరిగినా, ఇంజను కాస్త పెద్దదైనా ధర లక్షల్లో మారిపోతుంది. ప్రపంచమంతటికీ ఒకే కారు రూపొందించి, చిన్నచిన్న మార్పులతో అన్ని దేశాల్లో అమ్మాలనుకునే సంస్థలకు ఇది పెద్ద అడ్డంకి. భారత్ కోసమే ప్రత్యేకంగా బంపర్లు కుదించాలి, డిక్కీ కత్తిరించాలి, ఇంజను మార్చాలి. ఒక దేశం కోసం ఇంత ఖర్చు పెట్టాలా అన్న ప్రశ్న ప్రధాన కార్యాలయంలో తప్పక తలెత్తుతుంది.

ఫోర్డ్ ఈ నిబంధనను గుర్తించింది. భారత్‌లో అమ్మిన ఎకోస్పోర్ట్ పొడవు 3,999 మిల్లీమీటర్లు. పన్ను రాయితీ కోసం ఒక్క మిల్లీమీటరు దూరంలో ఆపిన కొలత అది. అయితే ఆ కారుకు అమర్చిన 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను మాత్రం 1200 సీసీ పరిమితిని దాటిపోయింది. ఫలితంగా పొడవు ద్వారా దక్కాల్సిన ప్రయోజనం ఆ పెట్రోలు రకానికి దక్కలేదు. ప్రపంచ మార్కెట్ కోసం రూపొందిన ఇంజనును స్థానిక పన్ను చట్టంలో ఇమడ్చడం ఎంత కష్టమో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

సంఖ్య ఉంటేనే ధర, ధర ఉంటేనే సంఖ్య

కార్ల పరిశ్రమలో ఖర్చుల స్వభావం వేరు. కొత్త మోడలు రూపకల్పనకు, అచ్చులకు, యంత్రాలకు ముందుగానే భారీగా వెచ్చించాలి. ఆ ఖర్చు ఎన్ని కార్లపై పంచితే ఒక్కో కారుపై భారం అంత తగ్గుతుంది. ఉదాహరణకు ఒక విడిభాగం అచ్చుకు కోటి రూపాయలు ఖర్చయిందనుకుందాం. లక్ష కార్లు అమ్మితే కారుకు పడే భారం 100 రూపాయలు. పది వేల కార్లే అమ్మితే అదే భారం 1,000 రూపాయలు. వేల విడిభాగాలున్న కారులో ఈ తేడా ఎంత పెద్దదవుతుందో ఊహించవచ్చు.

విడిభాగాల సరఫరాదారులు కూడా ఇదే లెక్క వేస్తారు. ఏటా లక్షల కార్లకు ఆర్డరు ఇచ్చే సంస్థకు తక్కువ ధర చెబుతారు, కర్మాగారం పక్కనే తమ యూనిట్ పెడతారు. కొద్ది వేల ఆర్డర్లు ఇచ్చే సంస్థ కొన్ని భాగాలను దిగుమతి చేసుకోక తప్పదు. దిగుమతి అంటే సుంకం, రవాణా ఖర్చు, రూపాయి విలువ పడిపోయినప్పుడల్లా అదనపు భారం. చివరికి అవే విడిభాగాలు సర్వీసు కేంద్రంలో వినియోగదారుడికి ఖరీదుగా, ఆలస్యంగా అందుతాయి.

ఇలా ఒక చక్రం ఏర్పడుతుంది. అమ్మకాలు ఎక్కువైతే స్థానిక తయారీ పెరుగుతుంది, ధర తగ్గుతుంది, డీలర్లు ముందుకొస్తారు, పాత కారుకు మంచి ధర పలుకుతుంది, అమ్మకాలు ఇంకా పెరుగుతాయి. అమ్మకాలు తగ్గితే అదే చక్రం వెనక్కి తిరుగుతుంది. భారత్‌లో మారుతీ సుజుకి, హ్యుందాయ్ రెండే చాలా కాలం మార్కెట్‌లో మూడింట రెండు వంతుల వాటాను పంచుకున్నాయి. మిగిలిన భాగం కోసం పదికి పైగా సంస్థలు పోటీపడ్డాయి. వాటిలో చాలావాటికి ఆ చక్రాన్ని ముందుకు తిప్పగలిగినంత సంఖ్య ఎన్నడూ అందలేదు.

విజయం తర్వాత ఏర్పడిన ఖాళీ

ఫోర్డ్ పూర్తిగా తప్పటడుగులే వేసిందనడం సరికాదు. 1996లో తెచ్చిన ఎస్కార్ట్ అప్పటికే యూరప్‌లో పాతబడిన మోడలు. ఆ లోపాన్ని గుర్తించి 1999లో భారత్‌ను దృష్టిలో పెట్టుకుని ఐకాన్‌ను తెచ్చింది, అది ఆదరణ పొందింది. 2010లో వచ్చిన చిన్న కారు ఫిగో సంస్థ అమ్మకాలను ఒక్కసారిగా పెంచింది. 2013లో వచ్చిన ఎకోస్పోర్ట్‌కైతే డిమాండును తట్టుకోలేక కొంతకాలం చాలా రకాలకు బుకింగులనే నిలిపివేయాల్సి వచ్చింది.

సమస్య ప్రతి విజయం తర్వాతా మొదలైంది. ఫిగోకు కొత్త తరం రావడానికి 2015 వరకు ఆగాల్సి వచ్చింది. ఈ మధ్యలో పోటీ సంస్థలు కొత్త కార్లతో మార్కెట్‌ను నింపాయి. 4 మీటర్లలోపు ఎస్‌యూవీ విభాగంలో తొలి భారీ విజయం ఎకోస్పోర్ట్‌దే అయినా, 2016లో విటారా బ్రెజాతో మారుతీ సుజుకి ఆ విభాగాన్ని తన వైపు తిప్పుకుంది. ఎకోస్పోర్ట్‌కు, ఖరీదైన ఎండీవర్‌కు మధ్య ఉన్న విశాలమైన జాగాలో ఫోర్డ్‌కు ఒక్క వాహనమూ లేదు. సరిగ్గా ఆ జాగాలోనే హ్యుందాయ్ 2015లో క్రెటాను నిలిపింది.

ఈ ఖాళీని పూరించడానికి ఫోర్డ్ 2019 అక్టోబరులో మహీంద్రాతో ఉమ్మడి సంస్థ ఏర్పాటుకు ఒప్పందం చేసుకుంది. మహీంద్రాకు 51 శాతం వాటా ఉండేలా, కొత్త ఎస్‌యూవీలను కలిసి రూపొందించేలా ప్రణాళిక సిద్ధమైంది. కరోనా విపత్తు నడుమ మారిన ఆర్థిక పరిస్థితులను కారణంగా చూపుతూ 2020 డిసెంబరు 31న ఆ ఒప్పందాన్ని రెండు సంస్థలూ విరమించుకున్నాయి. తొమ్మిది నెలలు తిరగకముందే తయారీ నిలిపివేత ప్రకటన వెలువడింది.

కారు రూపకల్పనకు సాధారణంగా మూడు నాలుగేళ్లు పడుతుంది. అమ్మకాలు తగ్గాక కొత్త మోడలుకు డబ్బు అడిగితే, నష్టాల్లో ఉన్న దేశానికి మళ్లీ పెట్టుబడి ఎందుకని ప్రధాన కార్యాలయం ప్రశ్నిస్తుంది. పెట్టుబడి ఆగితే కొత్త మోడలు రాదు, రాకపోతే అమ్మకాలు మరింత పడిపోతాయి. అమెరికా, చైనా, యూరప్ మార్కెట్లతో పోటీపడి నిధులు తెచ్చుకోవలసిన భారత విభాగం ఈ వాదనలో తరచూ వెనకబడిపోయింది.

నమ్మకం మళ్లీ మొదటికి

జనరల్ మోటార్స్ అనుభవం మరో కోణాన్ని చూపుతుంది. ఆ సంస్థ మొదట ఓపెల్ పేరుతో ఆస్ట్రా, కోర్సా కార్లను అమ్మింది. 2003లో షెవర్లే బ్రాండును తెచ్చి, క్రమంగా ఓపెల్‌ను పక్కన పెట్టింది. ఓపెల్ కార్లు కొన్నవారి చేతిలో చూస్తుండగానే అనాథ బ్రాండు మిగిలింది. తర్వాత దక్షిణ కొరియాలో రూపొందిన స్పార్క్, బీట్, ఆపై చైనా భాగస్వామ్యంతో వచ్చిన సెయిల్, ఎంజాయ్ వరుసగా షెవర్లే చిహ్నంతోనే అమ్మకానికి వచ్చాయి. ఆ చిహ్నం దేనికి గుర్తో కొనుగోలుదారుడి మనసులో స్థిరపడలేదు.

2013 జులైలో 1.14 లక్షల టవేరా వాహనాలను సంస్థ వెనక్కి పిలిపించింది. ఉద్గారాల పరీక్షల విషయంలో సంస్థలోని కొందరు నిబంధనలు ఉల్లంఘించినట్లు తేలడంతో పలువురిని తొలగించింది. 2015లో 100 కోట్ల డాలర్ల కొత్త పెట్టుబడి ప్రకటించి, మరుసటి ఏడాది దాన్ని నిలిపివేసింది. 2017 మేలో వైదొలగుతున్నట్లు ప్రకటించే నాటికి దేశీయ మార్కెట్‌లో దాని వాటా ఒక శాతం కూడా లేదు. పెట్టుబడి వస్తుందా రాదా అన్న సందేహమే కొనుగోలుదారుడిని వెనక్కి లాగుతుంది. ఉంటుందో ఉండదో తెలియని సంస్థ కారును పదేళ్ల కోసం ఎవరు కొంటారు?

ఫియట్‌ది మరింత విషాదకరమైన కథ. ప్రీమియర్ పద్మిని రూపంలో ఫియట్ నమూనా దశాబ్దాల పాటు భారత రోడ్లపై తిరిగింది. అంత పరిచయమున్న పేరుతో 1990ల్లో వచ్చిన ఊనోకు బుకింగులు వెల్లువెత్తినా, భాగస్వామి సంస్థలో కార్మిక వివాదాల వల్ల కార్లు సకాలంలో అందలేదు. తర్వాత కొన్నేళ్లు ఫియట్ కార్లను టాటా షోరూంలలోనే అమ్మారు. తన కారును మరొకరి దుకాణంలో, మరొకరి కార్ల పక్కన నిలిపిన బ్రాండుకు ప్రత్యేక గుర్తింపు దక్కలేదు. మరోవైపు ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిలు ఇంజను మారుతీ స్విఫ్ట్, డిజైర్, టాటా ఇండికా విస్టా వంటి కార్లలో చేరి దేశమంతటా పేరు తెచ్చుకుంది. ఇంజను గెలిచింది, దాన్ని తయారు చేసిన బ్రాండు ఓడింది. సాంకేతిక సామర్థ్యం ఒక్కటే సరిపోదనడానికి ఇంతకు మించిన రుజువు అక్కరలేదు.

భారతీయులకు చవకైన కారు ఇస్తే చాలన్న ఆలోచన కూడా బెడిసికొట్టింది. దాట్సన్‌ను నిస్సాన్ తక్కువ ధర బ్రాండుగానే పరిచయం చేసింది. 2014 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో దాట్సన్ గోకు ఒక్క స్టారూ రాలేదు. భారత్ కోసమే ప్రత్యేకంగా రూపొందించిన టయోటా ఎటియోస్ సైతం మన్నికలో మంచి పేరు తెచ్చుకున్నా, టాక్సీ కారు అన్న ముద్ర పడి ఎన్నో కుటుంబాలకు దూరమైంది. భారతీయ కొనుగోలుదారుడు ఖర్చు విషయంలో జాగ్రత్తపరుడు. అయితే కారు అతడికి సమాజంలో హోదా కూడా. తక్కువ ధరలో ఎక్కువ విలువ కోరుకుంటాడే తప్ప, తనను తక్కువగా చూసే కారును కోరుకోడు.

నిలిచినవారు ఏం చేశారు?

ఫోర్డ్, జనరల్ మోటార్స్ వచ్చిన కాలంలోనే, 1996లో, హ్యుందాయ్ కూడా భారత్‌లో అడుగుపెట్టింది. అప్పటికి ఇక్కడ ఆ పేరు ఎవరికీ తెలియదు. మొదటి కారుగా ఖరీదైన సెడాన్‌ను కాక, 1998లో చిన్న కారు శాంత్రోను ఎంచుకుంది. అప్పటికి మార్కెట్‌లో అత్యధికంగా అమ్ముడుపోయే విభాగం అదే. కొరియా నుంచి విడిభాగాల సరఫరాదారులను తనతో పాటు తీసుకొచ్చి చెన్నై చుట్టూ నెలకొల్పింది. ఆ తర్వాత ఒక మోడలు పాతబడకముందే మరొకటి సిద్ధం చేస్తూ వచ్చింది. పేరు లేని సంస్థ నిలిచింది, ప్రపంచ ప్రఖ్యాత సంస్థలు వెళ్లిపోయాయి.

హ్యుందాయ్ గ్రూపులోనే మరో బ్రాండు కియా, ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పాఠాన్ని అమలు చేసింది. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ సమీపంలో 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో కర్మాగారం నిర్మించింది. కరవు సీమగా పేరుపడిన ప్రాంతంలో, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో అది మొదలైంది. తొలి వాహనం సెల్టోస్ 2019 ఆగస్టులో విడుదలైంది. మార్కెట్ అత్యంత వేగంగా పెరుగుతున్న మధ్యస్థాయి ఎస్‌యూవీ విభాగాన్నే కియా ఎంచుకుంది. ఫోర్డ్ ఖాళీగా వదిలిన జాగా అది. హ్యుందాయ్ ఇప్పటికే పెంచిన సరఫరాదారుల బలం కూడా కలిసొచ్చింది. 2023 జులై నాటికి ఆ కర్మాగారం నుంచి పది లక్షల కార్లు బయటకొచ్చాయి.

ఆలస్యంగానైనా దారి మార్చుకున్నవారూ ఉన్నారు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు 2018లో 100 కోట్ల యూరోలతో భారత్ కోసం ప్రత్యేక ప్రణాళిక చేపట్టి, ఇక్కడి అవసరాలకు మార్చిన నిర్మాణంపై కుషాక్, టైగన్, స్లావియా, వర్టస్ కార్లను తెచ్చింది. 4 మీటర్లలోపు కైలాక్‌తో స్కోడా ఆ గీతకు లోబడి రూపకల్పన చేసింది.

అంచనాల ఉచ్చు

ఓడిన సంస్థల తప్పిదాలతో పాటు, మార్కెట్ గురించి అందరూ వేసిన లెక్క తప్పడాన్ని కూడా పరిగణించాలి. 2010 ప్రాంతంలో భారత కార్ల మార్కెట్ కొద్ది ఏళ్లలోనే రెట్టింపు అవుతుందన్న విశ్వాసం ఉండేది. ఆ విశ్వాసంతోనే ఫోర్డ్ 100 కోట్ల డాలర్లతో సానంద్ కర్మాగారం నిర్మించి, 2015లో ప్రారంభించింది.

వాస్తవం భిన్నంగా నడిచింది. 2018-19లో దేశంలో దాదాపు 33.8 లక్షల ప్రయాణికుల వాహనాలు అమ్ముడుపోగా, 2019-20లో అవి 27.7 లక్షలకు పడిపోయాయి. మరుసటి ఏడాది కరోనా దెబ్బతో మరికొంత తగ్గాయి. ఇదే కాలంలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. ప్రతి ఇంజనుకూ కొత్త పెట్టుబడి అవసరమైంది. తక్కువ సంఖ్యలో అమ్మే సంస్థలకు ఆ ఖర్చు గిట్టుబాటు కాలేదు.

ఆ తర్వాత మార్కెట్ మళ్లీ లేచింది. 2022లో జపాన్‌ను దాటి భారత్ ప్రపంచంలో మూడో అతిపెద్ద వాహన మార్కెట్‌గా నిలిచింది. 2023-24లో ప్రయాణికుల వాహనాల అమ్మకాలు 42 లక్షలు దాటాయి. ఎదురుచూసిన వృద్ధి వచ్చేసరికి, దాని కోసం కర్మాగారాలు కట్టినవారు వెళ్లిపోయారు.

వెళ్లిపోతే నష్టం ఎవరికి?

బహుళజాతి సంస్థకు ఒక దేశం నుంచి వైదొలగడం వార్షిక నివేదికలో ఒక పద్దు. ఇక్కడ మిగిలినవారికి అది జీవనోపాధి. ఫోర్డ్ నిర్ణయం వల్ల సుమారు 4 వేల మంది ఉద్యోగులు ప్రభావితమవుతారని సంస్థే తెలిపింది. పరిహారం విషయమై చెన్నై కర్మాగారం కార్మికులు 2022లో ఆందోళన చేపట్టారు. సంస్థకు 170 మంది డీలర్లు, 391 విక్రయ కేంద్రాలు ఉన్నాయని, వాటిలో పెట్టుబడి సుమారు 2 వేల కోట్ల రూపాయలని, దాదాపు 40 వేల మంది ఉపాధి పొందుతున్నారని వాహన డీలర్ల సంఘాల సమాఖ్య ఎఫ్ఏడీఏ అప్పట్లో పేర్కొంది.

డీలరు స్థలం అద్దెకు తీసుకుని, బ్రాండు నిర్దేశించిన నమూనాలో షోరూం కట్టి, ఆ బ్రాండుకే పనికొచ్చే పరికరాలు కొని, సిబ్బందికి శిక్షణ ఇప్పిస్తాడు. బ్రాండు పోతే ఆ పెట్టుబడిలో చాలా భాగం తిరిగి రాదు. అందుకే డీలర్లకు రక్షణ కల్పించే చట్టం కావాలని సమాఖ్య డిమాండు చేస్తూ వచ్చింది.

కారు యజమానులకు సర్వీసు, విడిభాగాలు అందిస్తూనే ఉంటామని ఫోర్డ్ హామీ ఇచ్చింది. అయినా తయారీ ఆగిన బ్రాండు కారుకు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ధర పడిపోవడం సహజం. ఒక్కో బ్రాండు వెళ్లిపోయినప్పుడల్లా, తర్వాత వచ్చే కొత్త బ్రాండును చూసి కొనుగోలుదారుడు మరింత జంకుతాడు. ఈ విధంగా ఒకరి నిష్క్రమణ మరొకరి ప్రవేశాన్ని కష్టతరం చేస్తుంది.

కొత్తగా వచ్చేవారి ముందున్న ప్రశ్న

ఇప్పుడు విద్యుత్ కార్లతో మరో తరం విదేశీ సంస్థలు వస్తున్నాయి. టెస్లా 2025 జులైలో ముంబయిలో తొలి షోరూం తెరిచి, మోడల్ వై ధరను 59.89 లక్షల రూపాయల నుంచి ప్రారంభించింది. పూర్తిగా తయారైన కారును దిగుమతి చేసుకుని, భారీ సుంకం కట్టి అమ్మే పద్ధతి ఇది. వియత్నాం సంస్థ విన్‌ఫాస్ట్ 2025 ఆగస్టులో తమిళనాడులోని తూత్తుకుడిలో కర్మాగారాన్నే ప్రారంభించింది. ఒకటి పేరును నమ్ముకుని ముందు అమ్మకాలతో, మరొకటి ఇక్కడ పేరు లేకపోయినా ముందు తయారీతో మొదలుపెట్టాయి.

ఫోర్డ్ సైతం చెన్నై కర్మాగారాన్ని ఎగుమతుల కోసం తిరిగి వాడుకుంటామని 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వానికి లేఖ ఇచ్చింది. భారత్‌లో తయారు చేయడంపై ఆ సంస్థకు ఇప్పటికీ నమ్మకం ఉందన్నమాట. ఇక్కడ అమ్మడమే దానికి సాధ్యం కాలేదు.

ఇంజను స్థానంలో బ్యాటరీ వచ్చినా కొనుగోలుదారుడి ప్రశ్నలు పెద్దగా మారలేదు. మైలేజీకి బదులు ఒక చార్జింగుతో ఎంత దూరం వెళ్తుందని అడుగుతాడు. ఇంజను మరమ్మతుకు బదులు బ్యాటరీ మార్చాల్సి వస్తే ఎంతవుతుందని అడుగుతాడు. తన పట్టణంలో సర్వీసు కేంద్రం ఉందా, ఐదేళ్ల తర్వాత ఈ కారును ఎవరు కొంటారు, అప్పటికి ఈ కంపెనీ ఇక్కడే ఉంటుందా అన్న మూడు ప్రశ్నలు మాత్రం 1996లో ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. కొత్తగా వచ్చే సంస్థల భవితవ్యం ఆ మూడింటికి ఇచ్చే జవాబుపైనే ఆధారపడి ఉంటుంది.